అమ్మ ముట్టని రొట్టె

ఆ ఏడాది జనవరిలో మా ఊళ్లో మోటార్లకు రాత్రీ పగలూ కరెంటు రావడం మొదలైంది. వాడలో అందరూ సంబరపడ్డారు. మా అమ్మ మాత్రం ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా చేస్తున్న పని ఆపి కాసేపు నేలవైపు చూసేది. అంతకుముందు కరెంటు దాని ఇష్టమొచ్చిన వేళకు, ఎక్కువగా అందరూ పడుకున్నాక వచ్చేది. వచ్చినప్పుడే లేచి వెళ్లి చేనుకు నీళ్లు పెట్టుకోవాలి. అట్లా పోయిన మా అన్న విజేందర్ తెల్లారేసరికి మోటారు స్టార్టర్ డబ్బా కింద చచ్చిపడి ఉన్నాడు. అది జరిగి అప్పటికి మూడేళ్లు.

మాది కల్వకుర్తికి ఆటోలో పోయి వచ్చే ఊరు. మా తాతకు సర్కారు ఇచ్చిన రెండెకరాల దుబ్బనేల, ఒక బోరు. యాసంగిలో, చలికాలం పంటగా, పల్లి, అదే వేరుశనగ, వేస్తాం. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ పేరు జానమ్మ. నేను స్నేహలతను, కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతూ సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. అన్న చనిపోయేనాటికి ఆయనకు పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు. వదిన పేరు మల్లీశ్వరి. వాళ్లది హిందువుల ఇల్లు. అన్నను చేసుకున్నాక మాతో పాటు చర్చికి వచ్చేది, మా పాటలు తప్పుల్లేకుండా నేర్చుకుంది.

ఆ రాత్రి అన్నను లేపింది వదినే. "కరెంటొచ్చింది, లే. చేను ఎండుతాంది" అని ఆమె అనడం, అన్న పోనని విసుక్కోవడం, ఇద్దరూ మాటామాటా అనుకోవడం పక్కగదిలో ఉన్న అమ్మ విన్నది. అన్నను మట్టిలో పెట్టి వచ్చాక అమ్మకు ఆ మాటలే మిగిలాయి. "పండుకున్నోన్ని లేపి తోలింది. నా కొడుకును మింగింది" అని వాడంతా చెప్పుకుని ఏడ్చింది. నెల తిరక్కముందే అమ్మ వదిన పెట్టెను తెచ్చి వాకిట్లో పెట్టింది. "నీ మొకం నాకు చూపియ్యకు" అన్నది. వదిన పెట్టె ఎత్తుకుని, తల వంచుకుని, బస్సుల రోడ్డు వైపు నడిచిపోయింది. తన మొగుడిని తానే చంపానని ఆమె కూడా నమ్మిందని నాకు చాలాకాలానికి గానీ అర్థం కాలేదు.

ఆ తర్వాత మా ఇంటిని నిలబెట్టింది గుర్వయ్య చిన్నాయిన. నాయినకు వరసకు తమ్ముడు. మా చేనును ఆనుకునే ఆయన చేను. అన్న శవాన్ని ముందు చూసి కేకలు పెట్టింది ఆయనే, భుజాన వేసుకుని ఊళ్లోకి తెచ్చింది ఆయనే, గొయ్యి తవ్వింది ఆయనే. మా చేను దున్నడం, విత్తనం వేయడం, మోటారు కాలిపోతే బాగు చేయించడం అన్నీ తన పనులే అనుకున్నాడు. అమ్మ కూర వండితే ముందు ఒక గిన్నె ఆయన ఇంటికి పోయేది. ఆయన మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. అది ఆయన అలవాటనుకున్నాం.

పల్లి పీకే రోజుల్లోనే శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై దినాలూ మా వాడలో పొద్దుగూకే వేళ రోజుకొక ఇంటి ముందు ప్రార్థన కూటం జరుగుతుంది. చాపలు పరుస్తారు. మా పాస్టరు డానియల్ అయ్యగారు వాక్యం చెబుతారు. పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలన్నా, చేసిన తప్పు ఒప్పుకోవాలన్నా మనిషి లేచి నిలబడతాడు. తప్పులంటే మామూలుగా తాగుడు, కోడలి మీద అరవడం, ఆదివారం చర్చి ఎగ్గొట్టడం. అందరూ ఆమేన్ అంటారు. ఒప్పుకున్నవాడు తేలికపడి కూర్చుంటాడు.

ఒకరోజు కూటం మా ఇంటి ముందే పెట్టుకున్నాం. అమ్మ పొద్దున్నుంచీ వాకిలి అలికి, గుగ్గిళ్లు ఉడకబెట్టి, పక్కింటి నుంచి చాపలు తెచ్చి పరిచింది. సాక్ష్యాల వేళ అమ్మే లేచింది. ఎప్పుడూ లేవని మనిషి. కొంగు తల మీదికి లాక్కుని మెల్లగా చెప్పింది.

"నాకు ఒక్కడే కొడుకు. దేవుడు తీస్కపోయిండు. ఇంట్ల మొగదిక్కు లేకుండ అయింది. గని నా మరిది గుర్వయ్య నన్ను ఇడిసిపెట్టలే. కన్నకొడుకు లెక్క చూసుకుండు. మూడేండ్ల సంది నా చేను వట్టివోకుండ కాపాడిండు. దేవుడే గా మనిషి రూపంల వచ్చిండని అనుకుంటున్న. దేవునికి స్తోత్రం."

అందరూ స్తోత్రమన్నారు. మొగవాళ్ల వెనక వరసలో నుంచి ఒక గొంతు వచ్చింది.

"వదినా, అట్ల అనకు."

గుర్వయ్య చిన్నాయిన లేచి నిలబడ్డాడు. తువ్వాల రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

"నీ కాల్మొక్త, అట్ల అనకు. నాతోని అయితలేదు ఇంక." తువ్వాల భుజాన వేసుకున్నాడు. "విజేందర్ మీ స్టార్టర్ కాడ సావలే. నా చేను ఒడ్డు మీద సచ్చిండు. పందులు పల్లిచేనంత తవ్వుతున్నయని నేను కరెంటు తీగె కట్టిన. ఎవ్వలకు చెప్పలే. గా పిలగాడు నీళ్లు పెట్టనీకె నా ఒడ్డు మీదికెళ్లి వస్తడన్న సోయి లేకపాయె నాకు. తెల్లారంగ పోతే తీగె మీద పడి ఉన్నడు. జైలుకు పోతనని భయమైంది. తీగె తీసేసి, పిలగాన్ని గుంజుకపోయి మీ డబ్బా కింద ఏసిన. ఏసినంక కేకలు పెట్టిన."

ఎక్కడో మేక అరిచింది. డానియల్ అయ్యగారు వయసులో చిన్నవాడు, మా ఊరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇలాంటిది ఎప్పుడూ వినలేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. అయినా ఆయన జనం మధ్య నుంచి నడిచిపోయి చిన్నాయిన తల మీద చేయి పెట్టాడు. చిన్నాయిన మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఒప్పుకున్నవాణ్ని దేవుడు తోసెయ్యడని, ఎంత ఎర్రని పాపమైనా కడుగుతాడని అయ్యగారు గొంతెత్తి ప్రార్థన చేశాడు. ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరో పాట అందుకున్నారు. ఒక్కొక్కరూ గొంతు కలిపారు.

అమ్మ అప్పటికీ నిలబడే ఉంది. పాట రెండో చరణానికి వచ్చినప్పుడు లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. గుగ్గిళ్లు గంపలో అట్లాగే ఉండిపోయాయి.

తెల్లారి అయ్యగారు, స్త్రీల సమాజం పెద్ద నిర్మలమ్మ కలిసి ఇంటికి వచ్చారు. అమ్మ మంచం వాల్చింది. తాను గడప మీద కూర్చుంది.

"జానమ్మా, నీ దుఃఖం నాకు తెలుసు" అన్నాడు అయ్యగారు. "గని ఒక సంగతి చూడు. ఎవరూ అడగలే. ఎవరూ పట్టుకోలే. ఆయనంతట ఆయనే ఒప్పుకున్నడు. గట్ల ఒప్పుకోవాల్నంటే ఎంత ధైర్యం కావాలె. రాత్రి మంచిగ నిద్రపోయిండట. మూడేండ్లల్ల మొదటిసారి."

"నిద్ర వట్టిందా?" అని అడిగింది అమ్మ.

"పట్టిందట."

"మంచిది."

నిర్మలమ్మ దగ్గరికి జరిగి అమ్మ చేయి పట్టుకుంది. "ఈస్టరు నాడు ప్రభువు బల్ల ఉన్నది. మనసుల పగ పెట్టుకొని రొట్టె ముట్టద్దు గద జానమ్మా. అప్పటిలోపల నువ్వు ఆయనతోని సమాధానపడాలె. ఠాణా, కేసు అని ఎవరన్న చెప్తే వినకు. సంఘం పేరు ఖరాబైతది."

నాకు ఒళ్లు మండింది. "పేరు ఖరాబైతదా? మా అన్న పాణం సంగతేంది?" అన్నాను. నిర్మలమ్మ తల దించుకుంది.

వాళ్లు పోయాక నేను అమ్మ ముందు కూలబడ్డాను. "ఠాణాకు పోదాం నడువు. అందరి ముందల ఒప్పుకున్నడు. సాక్షులున్నరు."

"పోదాం" అన్నది అమ్మ. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు నేను. "గని ముందుగాల ఇంకో కాడికి పోవాలె. మల్లీశ్వరి యాడున్నదో కనుక్కో."

నేను అమ్మ ముఖం చూశాను. రాత్రంతా కళ్లు మూయలేదని తెలుస్తోంది. అందరూ గుర్వయ్య చిన్నాయిన గురించి మాట్లాడుతున్నారు. నేను కూడా ఆయన గురించే ఆలోచిస్తున్నాను. అమ్మ కళ్లకు మాత్రం మూడేళ్ల కింద వాకిట్లో తాను పెట్టిన పెట్టే కనిపిస్తోంది.

వదిన వాళ్లన్నకు ఫోన్ చేస్తే, ఆమెకు మళ్లీ పెళ్లయిందని, యాదగిరిగుట్టలో ఉంటున్నారని చెప్పాడు. నంబరు ఇవ్వనన్నాడు. "గుట్ట కింద కొబ్బరికాయల దుకాణం. పోతే కనబడ్తది. లొల్లి మాత్రం చెయ్యకుండ్రి" అన్నాడు.

శనివారం తెల్లారకముందే బయలుదేరి పట్నం పోయి, ఉప్పల్లో ఇంకో బస్సెక్కి, ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు గుట్టలో దిగాం. కొండ మీద గుడి కొత్తగా కడుతున్నారు. లారీల దుమ్ము దుకాణాల మీద, పూల మీద, మనుషుల మీద పడుతోంది. బొట్టు లేని ముఖంతో, చేతిలో ప్రార్థన సంచితో అమ్మ ఆ భక్తుల మధ్య తడబడుతూ నడిచింది. ఎవరో పిల్లవాడు తలనీలాలకా అమ్మా అని అడిగితే కాదని తల ఊపింది.

వదిన ఒక పరదా పట్టా కింద కూర్చుని పూలు కడుతోంది. కొంచెం లావైంది. నుదుట పెద్ద బొట్టు. పక్కన ఒక మనిషి కొబ్బరికాయల పీచు తీస్తున్నాడు. మమ్మల్ని చూడగానే వదిన చేతిలో దారం ఆగిపోయింది. ఆ మనిషి ఎవరన్నట్టు చూశాడు.

"మా ఊరోళ్లు" అని చెప్పి లేచింది. "రాండ్రి, నీళ్లు తాగుదురు."

దుకాణం వెనక నల్లా దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, మనుషులు ఎవరూ లేరు. అమ్మ నీళ్లు తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకునే మొత్తం చెప్పింది. తీగ సంగతి, చిన్నాయిన శవాన్ని ఈడ్చుకుపోయిన సంగతి, కూటంలో ఒప్పుకున్న సంగతి. వదిన గోడకు ఆనుకుని విన్నది. ఏడవలేదు. అమ్మ చెప్పడం అయిపోయాక, అట్లాగే గోడ వెంట జారి నేల మీద కూర్చుంది.

"అయితే నేను కాదా?" అన్నది. ఎవరినో వేరే మనిషిని అడిగినట్టు అడిగింది.

"నువ్వు కాదు బిడ్డా. నువ్వెప్పుడు కాదు. నేనే నీ మీద ఏసిన. నా కొడుకు పోయిన మంట నీ మీద తీసుకున్న. తప్పైంది. నన్ను క్షమించు."

అమ్మ గ్లాసు కింద పెట్టి, వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. వదిన గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది.

"అట్ల చెయ్యకు అత్తమ్మా. ఎవరన్న చూస్తరు. ఈడ ఎవ్వరికి తెల్వదు, మా అత్త నన్ను మొగన్ని మింగిందని ఎల్లగొట్టిందని. ఈయనకు గూడ చెప్పలే. కరెంటు షాకుతోని పోయిండని చెప్పిన, అంతే. ఇప్పుడు నువ్వొచ్చి నా తప్పు లేదన్నవనుకో, మరి అప్పుడేమన్నరని అడుగుతరు గద."

అమ్మ చేతులు గాలిలోనే ఉండిపోయాయి. కాసేపయ్యాక ఒళ్లో పెట్టుకుంది.

"నన్ను క్షమిస్తవా మరి?"

దూరంగా మైకులో ఏదో పాట వస్తోంది. "క్షమించుడంటే ఏం చెయ్యాలె అత్తమ్మా? మీ దాంట్ల ఎట్ల చేస్తరో నాకు తెల్వదు. నీ మీద కోపమంటవా, నాకు ఎప్పుడు రాలే. నువ్వన్నది నిజమే అనుకున్న. మనిషి పండుకున్నడు, నేను లేపకపోతే బతికేటోడు అనుకున్న. ఇప్పటికి అన్నం ముంగట కూసుంటే గదే యాదికొస్తది." కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో కన్నీళ్లో తెలియలేదు. "నాకు ఒక్కటే చెప్పు. మూడేండ్ల సంది గదే ఫికర్. ఆయనకు నొప్పి తెలిసిందా?"

అమ్మ వరసగా ఉన్న బిందెల వైపు చూసింది.

"చీకట్ల ఒక్కడే పడి ఉన్నడు. పాణం పోయేటప్పుడు నన్ను తిట్టుకున్నడో, పిలిచిండో. గుర్వయ్య మామకు తెలుసుంటది గద, ముందుగాల చూసింది ఆయనే గద. అడిగి నాకు చెప్పు. క్షమించుడు సంగతి అటెన్క."

తన నంబరు నాకు చెప్పింది. పోయేటప్పుడు అమ్మ చేతిలో కొన్ని పూలు పెట్టబోయి, అమ్మ పూలు పెట్టుకోదని గుర్తొచ్చి, చేయి వెనక్కి తీసుకుంది. బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మరునాడు ఆదివారం. చర్చి అయ్యాక అందరూ చిన్నాయిన చుట్టూ మూగి ఆయన భుజం తట్టడం చూశాను. ఆయన ముఖం నిజంగానే మారింది. ఏళ్లనాటి జ్వరం దిగిన మనిషిలా ఉన్నాడు. అమ్మ అక్కడ ఆగకుండా ఇంటికి వచ్చేసింది. మధ్యాహ్నం ఎండలో, ఆయన పల్లి పీకుతున్న చేనుకు నన్ను వెంటబెట్టుకుని పోయింది.

చిన్నాయిన మమ్మల్ని చూసి చేతిలో మొక్కలు కింద పడేశాడు. పరుగున వచ్చి ఒడ్డు మీద నిలబడ్డాడు. అమ్మ క్షమించానని చెప్పడానికే వచ్చిందని ఆయన అనుకున్నాడు. అది ఆయన కళ్లలో కనిపించింది.

"నువ్వు తీగె సంగతే చెప్పినవ్ గుర్వయ్యా" అన్నది అమ్మ. "ఇంకో సంగతి చెప్పలే. నేను మల్లీశ్వరి పెట్టె వాకిట్ల పెట్టిన నాడు నువ్వు మా గోడ కాడ నిలవడ్డవ్. నేను దాన్ని తిడుతుంటె విన్నవ్. నీకు తెలుసు గా పిల్ల తప్పు లేదని. ఒక్క మాట అనలే."

చిన్నాయిన చేతికంటిన మన్ను దులుపుకున్నాడు.

"అది గూడ పాపమేనని నీకు తోచలేదా?"

"తోచింది వదినా. గని అది చెప్తే తీగె గూడ చెప్పాలె గద."

"తీగె చెప్పినవ్ గద మొన్న. అప్పుడు గూడ అది యాదికి రాలే నీకు." అమ్మ గొంతు పెరగలేదు. ఒడ్డు మీద కూర్చుంది. "సరే. నేను అది అడగనీకె రాలే. గా పిల్ల ఒకటి అడగమన్నది. నువ్వు చూసిన నాడు వాడు ఎట్లున్నడు? నొప్పి తెలిసిందా వానికి?"

చిన్నాయిన పక్కచేను వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా ఆయనా కూర్చున్నాడు. మా వైపు చూడకుండా, మట్టిని చూస్తూ చెప్పాడు.

"బోర్లవడి ఉన్నడు. చేతుల నిండ మన్ను. గోర్లల్ల మన్ను. గీరినట్టున్నది."

"ఇంకా?"

"వదినా, ఒద్దు."

"చెప్పు."

"కరెంటు బంజేసి దగ్గరికి పోతే పెయ్యి వెచ్చగ ఉన్నది. మూల్గినట్టు వినవడ్డది." మట్టిని గుప్పిట పట్టుకున్నాడు. "గాలేమో అనుకున్న. గాలే అనుకోవాల్నని అనుకున్న. ముందుగాల తీగె సుట్టిన. సుట్టి, ఆడ తుమ్మచెట్లల్ల దాచిపెట్టి, మల్ల వచ్చెవరకు సల్లవడ్డడు. తీగె ఇడిసిపెట్టి పిలగాన్ని లేపుంటే ఏమవునో నాకు తెల్వదు. దవాఖానకు తీస్కపోతే ఏమవునో తెల్వదు. ఇది ఎవ్వలకు చెప్పలే. దేవునికి గూడ చెప్పలే."

నేను లేచి దూరంగా పోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ అట్లాగే ఒడ్డు మీద కూర్చుని ఉన్నారు, పని మధ్యలో అలుపు తీర్చుకుంటున్న కూలీల్లా. నేను తిరిగి వచ్చేసరికి చిన్నాయిన ఏడుస్తూ అంటున్నాడు.

"రేపు కూటంల చెప్త వదినా. అంత చెప్త. మొత్తం కక్కేస్త. అప్పుడన్న నాకు విడుదల వస్తదేమో."

"చెప్పకు" అన్నది అమ్మ.

ఆయన తలెత్తాడు.

"ఎవ్వలకు చెప్పకు. అయ్యగారికి చెప్పకు, నీ పెండ్లానికి చెప్పకు. కూటంల చెప్తే తెల్లారెవరకు గుట్ట దాంక పోతది గా మాట. గా పిల్ల చెవుల పడొద్దు."

"మరి నా పాపం?"

"మొయ్యి" అన్నది అమ్మ. లేచి కొంగు దులుపుకుంది. "నేను గూడ మోస్త."

ఆ సాయంత్రం అమ్మ నాతో వదినకు ఫోన్ చేయించింది. గొంతు సవరించుకుని, వాకిట్లో రోలు మీద కూర్చుని మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను.

"అడిగిన బిడ్డా. వానికి ఏం తెల్వలేదంట. తీగె తగలంగనే పోయిండంట. మొకం పండుకున్నట్టే ఉన్నదంట, జర గూడ మారలేదంట. నిన్ను గిన్ను తిట్టుకునే యాళ్ల గూడ లేకుండె."

అవతలి నుంచి వదిన ఏడవడం వినిపించింది. నల్లా దగ్గర ఏడవని ఏడుపు అదంతా. అమ్మ ఫోను చెవి నుంచి తీయకుండా, ఆ ఏడుపు అయిపోయేదాకా కూర్చుంది.

"మంచిగైంది అత్తమ్మా" అన్నది వదిన చివరికి. "మంచిగైంది."

నేను మళ్లీ ఠాణా మాట ఎత్తాను. అమ్మ వద్దన్నది. "ఆడ అన్ని అడుగుతరు. ఎట్లున్నడు, ఏమైంది అని ఒక్కొక్కటి గుంజుతరు. పేపర్ల వేస్తరు." నేను రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. మా అన్న గోళ్లలో మట్టి నా కళ్ల ముందు నుంచి పోయేది కాదు. అమ్మ నాకు అన్నం పెట్టి, నేను తినేదాకా అక్కడే కూర్చునేది. మూడో రోజు నేనే మాట్లాడాను. చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఈస్టరు నాడు చర్చి నిండిపోయింది. కొత్త బట్టలు, పూలు, పిల్లల అల్లరి. బల్ల మీద తెల్లగుడ్డ కప్పి రొట్టె, ద్రాక్షారసం పెట్టారు. ఎవరికి ఎవరి మీద ఏమున్నా తీసేసుకుని రమ్మని అయ్యగారు అన్నప్పుడు చాలా మంది అమ్మ వైపు చూశారు. పళ్లెం మొగవాళ్ల వైపు పోయింది. చిన్నాయిన దగ్గర ఆగింది. ఆయన ఒక ముక్క తీసుకుని, అమ్మ వైపు ఒకసారి చూసి, నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. పళ్లెం మా వైపు వచ్చింది. అమ్మ దాన్ని అందుకుని, ముట్టకుండా నాకు ఇచ్చింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు అమ్మను చర్చి మెట్ల దగ్గర ఆపాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. "నలభై దినాలు చెప్పిన జానమ్మా. నీ మనసు కరగలేదా?"

"ఇంక జర టైం పడ్తది అయ్యగారు" అన్నది అమ్మ.

నిర్మలమ్మ పక్కనున్న వాళ్లతో ఏదో అన్నది. కఠినమైన గుండె అన్న మాట నాకు వినపడింది. నేను తిరగబడబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుని ముందుకు నడిపించింది.

ఇంటికి పోయే తోవలో ఆగలేక అడిగాను. "ఒక్క అబద్ధం చెప్పినవ్. గది గూడ వదిన మంచికే. దేవుని ముందల ఒప్పుకుంటే అయిపాయె గద. గింత దానికి ఆయన క్షమించడా?"

"క్షమిస్తడు" అన్నది అమ్మ. "గని ఒప్పుకునుడంటే మల్ల చెయ్యనని చెప్పుడు బిడ్డా. మల్ల అడిగితే మల్ల అదే చెప్త నేను. గట్లాంటప్పుడు ఏ మొకంతోని ముట్టుకోవాలె?"

తొలకరి పడి, కందులు వేసే రోజుల్లో వదిన ఫోన్ చేసింది. గుట్టలో కూడా వాన పడుతోందన్నది, పట్టా కారుతోందన్నది. కాసేపు ఇట్లాంటి మాటలయ్యాక అత్తమ్మకు ఇవ్వమన్నది. అమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోను తీసుకుంది. వదిన గొంతు నాకూ వినపడుతోంది.

"నిన్న మల్ల కలలకొచ్చిండు అత్తమ్మా. మన్నుల పడి ఉన్నట్టు. నువ్వు చెప్పింది నిజమే గద? నా మనసు కోసం చెప్పలే గద?"

అమ్మ వాకిట్లో పడుతున్న వానను చూస్తోంది.

"నిజమే బిడ్డా" అన్నది. "వానికేం తెల్వలే."